పెద్దబాపు షెడ్డులో ఆదివారాలు

ఇనుము కోసే చేతి గ్రైండర్‌కు డిస్కు మార్చాలంటే మా పెద్దబాపు, అంటే పెద్దనాన్న, ముందు గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేవాడు. పీకి అక్కడే వదిలేసేవాడు కాదు. వైరు చుట్టుకుంటూ వచ్చి, ఆ మూడు పిన్నుల తలకాయను తొడ కింద పెట్టుకుని, అప్పుడు స్పానర్ అందుకునేవాడు. "స్విచ్ బంద్ చేసిన గదా పెద్దబాపూ" అని అన్నయ్య అంటే "బంద్ చేసినోనివి నువ్వు, ఏసెటోడు ఇంకోడు ఉంటడు బిడ్డా" అనేవాడు. రైల్వేలో ఫిట్టర్ ఆయన. ఇంజన్ కింద మనిషి పని చేస్తున్నప్పుడు పైన ఇంకొకరు ఏదో మీట నొక్కితే ఏమవుతుందో జీవితమంతా చూసిన మనిషి, అందుకే ఇంట్లో నాలుగు అంగుళాల గ్రైండర్‌కు కూడా అదే మర్యాద.

కాజీపేట పక్కన సోమిడిలో వాళ్ల ఇల్లు. మేం హన్మకొండలో ఉండేవాళ్లం, ఆదివారం వస్తే నేనూ అన్నయ్యా అక్కడే. డ్యూటీ దిగి, స్నానం చేసి, చాయ్ తాగి ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో దూరితే మళ్లీ అన్నానికి పెద్దమ్మ మూడుసార్లు పిలవాల్సిందే. వడ్రంగి పని మా ఇంట్లో ఎవరికీ లేదు కానీ ఆయనకు కర్ర అంటే ప్రాణం, ములుగు దిక్కు నుంచి వచ్చిన టేకు దుంగను సామిల్లులో కోస్తుంటే ఆ వాసన కోసమే పోయి నిలబడతాడని పెద్దమ్మ నవ్వేది. చుట్టాల ఇళ్లలో సగం పీటలు, దేవుడి అరలు, ఉయ్యాల బల్లలు ఆయన చేతివే. మొదట్లో అన్నీ చేతి పనిముట్లే, రంపం, రంద, ఉలి, బాడిస. తర్వాత ఒక్కొక్కటే మిషన్లు వచ్చాయి. డ్రిల్ మిషన్ కోసం రైల్వే పాసు మీద సికింద్రాబాద్ పోయి, రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడి, వచ్చేటప్పుడు గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాడు. పైన పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం.

షెడ్డు గుమ్మానికి ఒక పెద్ద మేకు ఉండేది. లోపలికి పోవాలంటే ఒంటి మీద వేలాడేది ఏదైనా దాని మీదికి పోవాలి. నా చున్నీ, అన్నయ్య మెడలో తాయెత్తు తాడు, గడియారం, పెద్దబాపు భుజం మీది తువ్వాల, అన్నీ అక్కడే. నా గాజులు కూడా తీయించేవాడు. ఇక నా జడ, నడుము దాటి ఉండేది అప్పుడు, దాన్ని ముడి వేసి పైన రుమాలు కడితే తప్ప లోపల అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి జనగామ నుంచి వచ్చిన మా బావ, కొత్త అల్లుడు, భోజనం చేసి లుంగీలో షెడ్డు దగ్గరికి షికారుగా వస్తే "ప్యాంటేస్కోని రా అల్లుడా" అని మొహం మీదే చెప్పాడు. పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. బావ అలిగి మంచంలో పడుకున్నాడు.

ఈ జడ గొడవ ఏంటని నేను మూతి ముడుచుకుంటే ఒకరోజు చూపించాడు. ఓ వెదురు కర్రకు పాత చీర పేలిక కట్టాడు, మూరెడు పేలిక. డ్రిల్ మిషన్‌ను వైసులో, అంటే బల్లకున్న ఇనుప పట్టులో, అడ్డంగా బిగించి ఆన్ చేసి, కర్ర కొసను నా చేతికిచ్చి "పేలికను దానికి ముట్టియ్యి" అన్నాడు. ఊరికే తగిలిందంతే. పేలిక కొస బిట్టుకు, అంటే తొలిచే పుల్లకు, చుట్టుకుంది, నేను వెనక్కి గుంజేలోపు మొత్తం పేలిక లోపలికి పోయింది, కర్ర నా చేతిలోంచి ఊడిపోయి, బిట్టును పట్టి ఉంచే చక్కుకు టపటపా కొట్టుకుంటుంటే ఆయన ప్లగ్గు పీకాడు. నిమిషానికి రెండున్నర వేల చుట్లకు పైగా తిరిగేదాని దగ్గర మనిషికి చేయి వెనక్కి తీసుకునే టైమ్ ఉండదు. ఆ పేలికను బిట్టు నుంచి విప్పడానికి ఎంతసేపు పట్టిందో, కత్తితో కోస్తే గానీ రాలేదు. నేను మళ్లీ జడ గురించి మాట్లాడలేదు.

గ్లౌజుల సంగతి కూడా అంతే. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం చేసే చుట్టం ఒకాయన మంచి తోలు గ్లౌజులు తెచ్చిస్తే, రేకులు మోయడానికి, కర్రలు దించడానికి వాడేవాడు. డ్రిల్ దగ్గర మాత్రం ఒట్టి చేతులే. చాలామంది దీన్ని ఉల్టా అనుకుంటారు, గ్లౌజు ఉంటే చేతికి రక్ష అని. తిరిగే బిట్టుకు గ్లౌజు కొస చిక్కితే వేలిని కూడా తీసుకునే పోతుంది. చిన్న ఇనుప పట్టీకి హోల్ కొట్టేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకోవడం కూడా నిషిద్ధం. బిట్టు పైనుంచి దిగుతున్నంతసేపు బుద్ధిగానే ఉంటుంది, అటువైపు బయటికి పొడుచుకొచ్చే క్షణంలో పట్టీని పట్టేసి గిర్రున తిప్పుతుంది. అందుకే ఎంత చిన్న ముక్కైనా వైసులో పడాల్సిందే. చక్కును బిగించే తాళంచెవిని, పని అయ్యాక చక్కులోనే మరిచిపోకుండా, ఒక దారంతో ప్లగ్గు దగ్గరి వైరుకు కట్టి ఉంచేవాడు, తాళంచెవి చక్కులో ఉంటే ప్లగ్గు బోర్డుకు అందదు. అంత చిన్న దారంతో అంత పెద్ద పని చేయించడం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

గ్రైండర్ విషయంలో ఆయన పట్టుదల ఇంకా ఎక్కువ. ఆ మిషన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందని డబ్బా మీద రాసి ఉంటే అన్నయ్య కాగితం తీసుకుని లెక్క కట్టాడు. నాలుగు అంగుళాలంటే 100 మిల్లీమీటర్ల డిస్కు, దాని అంచు గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెడుతున్నట్టు తేలింది. కాజీపేట జంక్షన్ మీదుగా పోయే ఏ రైలూ ఇప్పటికీ అంత వేగం పోదు. పెద్దబాపుకు ఆ లెక్క ఎంత నచ్చిందంటే ఆ కాగితాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి పెట్టుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేవాడు. ఆ వేగంలో డిస్కు పగిలితే ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, మనిషికీ దానికీ మధ్య ఉండేది గార్డు అనే ఆ సగం చందమామ రేకు ఒక్కటే. దాన్నే మనవాళ్లు మొట్టమొదట ఊడదీసి మూలకు పారేస్తారు! ఎందుకంటే గార్డు ఉంటే అయిదంగుళాల డిస్కు పట్టదు. ఆ డిస్కు బోరు, అంటే నడిమి రంధ్రం, కూడా మిషన్‌కు కలవదు, 16 మిల్లీమీటర్ల దగ్గర 22 వస్తుంది, ఆ సందులో ఏదో బుష్, అంటే చిన్న రింగు, వేసి బిగిస్తారు. ఇంకొందరు పెద్ద మిషన్ మీద అరిగిపోయిన ఏడంగుళాల డిస్కును పారేయడం ఎందుకని చిన్న మిషన్‌కు ఎక్కిస్తారు. అరిగి చిన్నదైనా అది నిమిషానికి 8,500 చుట్లకే తయారైన సరుకు. దాన్ని 11,000 మీద తిప్పడమంటే తెలిసి తెలిసి చావును పిలవడమే.

డిస్కు మధ్యలో ఇనుప రింగు ఉంటుంది చూడండి, దాని మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. మందు బిళ్లలకు ఉన్నట్టే వాటికీ గడువు, తయారైన నాటి నుంచి మామూలుగా మూడేళ్లు. లోపల రాపిడి గింజలను పట్టి ఉంచే జిగురు తేమకు పాడవుతుంది కాబట్టి. వరంగల్ చౌరస్తా దగ్గర ఒక దుకాణంలో ఆయన అద్దాలు పెట్టుకుని రింగు మీది తేదీ చదువుతుంటే, దుకాణదారు "సార్, ఇది మందుల షాపు కాదు" అన్నాడట. ఆ మాట ఆయనే వచ్చి నవ్వుకుంటూ చెప్పాడు. కర్ర కోయడానికి పళ్లున్న రంపం బ్లేడును గ్రైండర్‌కు బిగించడం మాత్రం ఆయన ముందు ఎవరైనా అంటే నవ్వు పోయేది. పన్ను కర్రలో చిక్కితే మిషన్ వెనక్కి తంతుంది, ఒంటిచేత్తో ఆపే బలం ఎవరికీ లేదు. కర్రకు కర్ర మిషన్ ఉంది, లేకపోతే చేతి రంపం ఉంది, కాసేపు చెమట పడుతుంది, పట్టనీ.

ఇవన్నీ ఒక ఎత్తు, కరెంటు కోతలు ఒక ఎత్తు. ఆ రోజుల్లో వరంగల్‌లో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఎండాకాలం వచ్చిందంటే పొద్దున ఇన్ని గంటలు, సాయంత్రం ఇన్ని గంటలు, మధ్యలో చెప్పకుండా పోయేది వేరే. వచ్చినా లో ఓల్టేజీ. షెడ్డులో ఒక మామూలు బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది, వెలుతురు కోసం కాదది, పగలు కూడా వెలిగేది. లోపలి తీగ ఎర్రబడితే మిషన్ పని బంద్. ఓల్టేజీ లేనప్పుడు మిషన్‌లో దమ్ము ఉండదు, దమ్ము లేదని మనిషి ఇంకా గట్టిగా నొక్కుతాడు, డిస్కు పట్టేస్తుంది. ఆ టైమ్‌లో రంద తీసుకునేవాడు, మాకు గరుకు కాగితం ఇచ్చి పీటలు రుద్దించేవాడు.

వాళ్ల సందు మొదట్లో ఒక ఫర్నిచర్ దుకాణం ఉండేది. అక్కడ పనిచేసే అబ్బాయి ఇనుప యాంగిల్ కోస్తుంటే కరెంటు పోయింది. గ్రైండర్ బటన్‌ను ముందుకు తోస్తే లాక్ పడే రకం, దాన్ని వెనక్కి తీయకుండానే మిషన్‌ను నేల మీద పెట్టి, కరెంటు ఎప్పుడొస్తుందో ఏమోనని అందరూ బయట చెట్టు కింద చాయ్‌కి పోయారు. అది కూడా గార్డు లేని మిషనే. కరెంటు వచ్చింది. మేం ఇంట్లో ఉన్నాం, ఫ్యాన్ తిరగడం, అటు నుంచి చప్పుడు రావడం ఒకేసారి. మిషన్ తనంతట తాను లేచి నేల మీద దుముకుతూ, వైరు ఉన్నంత దూరం పరుగెడుతూ, పాలిష్ డబ్బాలను తన్నుకుంటూ గింగిరాలు తిరుగుతోంది. అందరూ గుమ్మంలో నిలబడి కేకలు, ఒకతను దాన్ని కాలితో తొక్కి ఆపుదామని ముందుకు పోబోతే పెద్దబాపు చొక్కా పట్టి వెనక్కి గుంజాడు. ఆయన మిషన్ వైపు చూడనే లేదు, నేరుగా బయట గోడకున్న బోర్డు దగ్గరికి పోయి ఫ్యూజు పీకాడు. లోపలికి పోయి చూస్తే డిస్కు సగమే ఉంది. మిగతా సగంలో ఒక ముక్క గోడకు ఆనించిన ప్లైవుడ్ షీటులో దిగబడి ఉంది, నా గుండెల ఎత్తులో. పెద్దబాపు నన్ను దాని ముందు నిలబెట్టి చూపించాడు, ఏమీ అనలేదు. పటుకారుతో పీకితే గానీ బయటికి రాలేదు ఆ ముక్క.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. కరెంటు పోగానే వంటింట్లోంచి పెద్దమ్మ "ప్లగ్గులు పీకుండ్రి" అని అరిచేది, షెడ్డులో ఎవరూ లేకపోయినా అరిచేది. మిక్సీది కూడా పీకేది. ఇప్పుడు కోతలు తగ్గాయి, వ్యవసాయానికే 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు అన్నారు. నాకు మాత్రం ఇల్లు చీకటైతే చేయి ముందు ప్లగ్గు మీదికే పోతుంది. కరెంటు పోయి వచ్చినా తనంతట తాను మొదలుకాని గ్రైండర్లు, చేయి తీస్తే ఆగిపోయే స్విచ్చు ఉన్నవి, ఇప్పుడు దొరుకుతున్నాయి. కొత్తది కొనేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా అవే కొనండి.

ఎర్తింగ్ అంటే పెద్దమ్మకు మంట. షెడ్డు పక్కన ఉప్పు, బొగ్గు పోసి ఇనుప గొట్టం పాతించి ఉంటే, ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్తు పనిచేయదని రోజూ సాయంత్రం దానికి బిందెడు నీళ్లు పోయమనేవాడు. నల్లా రెండు రోజులకోసారి వచ్చే ఇల్లు అది. "మల్లెచెట్టు ఎండిపోతుంటే ఇనుప గొట్టానికి నీళ్లు పోయుమంటడు ఈ మనిషి" అని సణుగుతూనే పోసేది. పాత డ్రిల్ మిషన్ మొత్తం ఇనుప బాడీ, లోపల వైరు తెగి బాడీకి తగిలితే ఆ మూడో పిన్నే దిక్కు. చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉన్న ప్లాస్టిక్ బాడీ మిషన్లకు రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి వాటికి రెండు పిన్నులే వస్తాయి, ఎర్త్ అక్కర్లేదు. ఈ రోజుల్లో ఇంట్లో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే బంద్ చేసే స్విచ్చు, పెట్టించుకోవడం పెద్ద ఖర్చు కాదు, అప్పట్లో మా చుట్టుపక్కల దాని పేరు కూడా ఎవరికీ తెలియదు.

దసరాకు మిషన్లన్నీ బయటికి వచ్చేవి. ఆయుధ పూజ అంటే అందరిలా కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టడం ఆఖర్న, దానికి ముందు పొద్దంతా రిపేరే. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు బయటికి తీసి ఎంత అరిగాయో చూసేవాడు, గాలి రంధ్రాల్లో పేరుకున్న రంపపు పొట్టు బ్రష్‌తో దులిపేవాడు, ప్రతి వైరునూ మూరెడు మూరెడు చొప్పున వేళ్ల మధ్య జారనిస్తూ చూసేవాడు. ఎక్కడైనా తోలు చిట్లితే నల్ల టేపు చుట్టడం ఉండదు, అక్కడికి కోసేసి మళ్లీ ప్లగ్గు బిగించడమే. ఏటా కోసి కోసి ఆ డ్రిల్ మిషన్ వైరు చివరికి ఎంత పొట్టిగా అయిందంటే స్టూలు మీద పెట్టుకుని వాడాల్సి వచ్చింది. అప్పుడు కొత్త వైరు వేశాడు. ఇంత జాగ్రత్త మనిషి డబ్బు దగ్గర పిసినారే, ఏం చేస్తాం.

సాన రాయి, అంటే బెంచీకి బిగించే గ్రైండర్ రాయి, కొత్తది తెస్తే దాన్ని బిగించే ముందు చిన్న కచేరీ జరిగేది. రాయి రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో పక్కల మీద మెల్లగా కొట్టాలి. మంచి రాయి కంగుమని మోగుతుంది. లోపల పగులుంటే బద్దగా, చచ్చిన చప్పుడు. మోగిన రాయినే బిగించి, ఆన్ చేసి, ఎదురుగా నిలబడకుండా పక్కకు జరిగి ఒక నిమిషం ఊరికే తిరగనిచ్చేవాడు. పనిముట్టును ఆనించే పీటకూ రాయికీ మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు, ఆ సందులోకి ఉలి జారితే రాయి పగులుతుంది. రాయి అరుగుతున్న కొద్దీ పీటను ముందుకు జరుపుతూ ఉండాలి. దాని కోసం మూడు ఎంఎం రేకు ముక్క ఒకటి దారంతో కట్టి వేలాడదీసి ఉండేది.

నేను ఇంటర్‌కు వచ్చేసరికి ఆ రాయి కొట్టేటప్పుడు నన్ను పిలవడం మొదలుపెట్టాడు. "మోగిందా?" అని అడిగేవాడు. మోగిందంటే బిగించేవాడు. నాకు పని నేర్పుతున్నాడనుకుని గర్వపడేదాన్ని. ఆయనకు ఆ చప్పుడు వినపడటం లేదని చాలా తర్వాత పెద్దమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి ఇంజన్ల మోతలో పనిచేసి, ఇంటికొచ్చి మళ్లీ గ్రైండర్ మోత. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండకూడదంటారు, గ్రైండర్ దానికి చాలా పైనే ఉంటుంది. కళ్లకు అద్దాలు లేకుండా మమ్మల్ని గడప తొక్కనివ్వని మనిషి చెవిలో దూది ముక్క కూడా పెట్టుకునేవాడు కాదు. దుమ్ము కూడా అంతే. ముక్కుకు ఏదీ కట్టుకోడు, టేకు పొడి పీల్చి రాత్రంతా దగ్గేవాడు, "కర్ర పొట్టు ఏం చేస్తది" అనేవాడు. కర్ర దుమ్మును క్యాన్సర్ కారకాల్లో మొదటి వర్గంలో 1995లోనే చేర్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థవాళ్లు. ఆ కబురు సోమిడి దాకా రాలేదు. రక్తం కారే దెబ్బలన్నీ ఆయనకు తెలుసు, మెల్లగా తినేసేవాటి గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనైతే ఇప్పుడు చిన్న చెక్క రుద్దినా మాస్కు, చెవులకు మఫ్స్ పెట్టుకుంటాను, ఇంట్లోవాళ్లు హెలికాప్టర్ నడుపుతున్నావా అని నవ్వుతారు.

పెద్దబాపు పోయాక షెడ్డు తీసేసి అక్కడ రెండు గదులు వేశారు. డ్రిల్ మిషన్, సాన రాయి నా దగ్గరికి వచ్చాయి, మిగతావి అన్నయ్య తీసుకున్నాడు. నాకు ఇప్పుడు బ్యాటరీ డ్రిల్ కూడా ఉంది, దానికి పీకడానికి ప్లగ్గు లేదు కాబట్టి బిట్టు మార్చేముందు బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుంటాను.

మొన్న హన్మకొండలో మా ఫ్లాటుకు వంటింటి అల్మారాలు చేయడానికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మంచి పనిమంతులు, కొలతల్లో వెంట్రుకవాసి తేడా రాదు. సంచిలోంచి తీసిన గ్రైండర్‌కు గార్డు లేదు. అడిగితే "మేడమ్, గార్డుంటే మూలలకు పోదు" అన్నాడు పెద్దవాడు. మూలల్లో చేతి రంపంతో కొయ్యి, ఆలస్యమైతే ఇంకో రోజు కూలి ఇస్తా, గార్డు లేకుండా మా ఇంట్లో అది ఆన్ కాదు అన్నాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపు గొణిగి, చిన్నవాడు సంచి మొత్తం నేల మీద బోర్లించి వెతికితే, మేకులు, అతుకు మందు డబ్బాల అడుగున దొరికింది గార్డు. కంపెనీ ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా చింపలేదు. బిగించడానికి స్క్రూడ్రైవర్ నాదే ఇచ్చాను, ముందు ప్లగ్గు పీకాకే.